పాకం పట్టిన పేలాలు

బెంగాలీవారి తీపి అనగానే ఇతర ప్రాంతాలవారికి రసగుల్లా, సందేశ్ గుర్తుకు వస్తాయి. ఆ కీర్తిని కాదనవలసిన అవసరం మాకు లేదు. కాని ఒక సంగతి మాత్రం చెప్పి తీరాలి. ఆ రెండూ అంగడి తీపులు. వాటిని చేసేవాడు మయరా, అంటే మిఠాయి చేయడమే వృత్తిగా గలవాడు. పండుగనాడు ఇంటి ఇల్లాలు తన చేతులతో చేసి, లక్ష్మీదేవి ముందు పెట్టి, గడపలో అడుగుపెట్టిన ప్రతివారికీ దోసిలి నిండా పోసే తీపి వేరే ఉన్నది. దాని పేరు ముర్కి. ఈ పేరు విని తెలుగు పాఠకులు తమ మురుకులను తలచుకోవచ్చును. రెంటికీ ఏ చుట్టరికమూ లేదు. ముర్కి అంటే బెల్లపు పాకం పట్టిన వరిపేలాలు. అంతకు మించి అందులో ఏమీ లేదు. ఇంతకంటె పేద తీపి లోకంలో మరొకటి ఉండదేమో. పేదది గనుకనే అది అందరి ఇళ్లకూ వెళ్లగలిగింది.

వరి గింజకు మా ప్రాంతంలో ముగ్గురు బిడ్డలు. వడ్లను నానబెట్టి, వేయించి, వేడిమీదనే దంచితే అటుకులు. ఉప్పుడు బియ్యానికి ఉప్పునీరు పట్టించి కాగిన ఇసుకలో వేయిస్తే మరమరాలు. పొట్టు తీయని వడ్లనే కాగిన ఇసుకలో పోస్తే పేలాలు. మేము ఖై అంటాము. ఈ మూడింటిలోను ఖై సుకుమారి. గింజలోపలి చెమ్మ వేడికి ఆవిరి అవుతుంది. పొట్టు దానిని కొంతసేపు బంధించి ఉంచుతుంది. ఇక పట్టలేని క్షణాన పొట్టు పగిలి, లోపలి పిండి మల్లెమొగ్గ విచ్చినట్లు విచ్చుకొంటుంది. పొట్టు ముందే చిట్లి ఉన్న గింజలోనుంచి ఆవిరి మెల్లగా జారిపోతుంది. అటువంటి గింజ పేలదు, ఊరకే మాడుతుంది. బాగా ఎండిపోయిన గింజ కూడా అంతే. కాబట్టి పేలాలకు ధాన్యం ఎన్నుకోవడమే సగం పని. తూర్పు బెంగాలులో బిన్ని అనే జిగురు ధాన్యం ఇందుకు పేరు పొందినది. పశ్చిమాన, సుందరవనాల వైపు, కనకచూర్ అనే వాసనగల ధాన్యం పేరు పొందినది.

మా నాయనమ్మది బారిసాల్. 1950లో ఆమె, మా నాన్నగారూ, అమ్మా సరిహద్దు దాటి వచ్చారు. నాన్నగారికి ఖరగ్‌పూర్‌లోని రైల్వే కార్ఖానాలో గుమాస్తా పని దొరికింది. నేను పుట్టి పెరిగినది అక్కడి రైల్వే క్వార్టర్లలోనే. ఖరగ్‌పూర్ బెంగాలులో ఉన్నదన్న మాటే గాని, ఆ క్వార్టర్ల వరుసల్లో బెంగాలీ ఎంత వినిపించేదో తెలుగూ అంతే వినిపించేది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి ఆంధ్రతీరపు కుటుంబాలు ఎన్నో అక్కడ పనికి వచ్చి స్థిరపడ్డవి. మా గోడకు ఆవలి ఇల్లు శ్రీకాకుళంవారిది. ఆ ఇంటి ఇల్లాలిని మేము పిల్లలం 'పిన్ని' అనే పిలిచేవాళ్లం. ఆ మాట ఏ భాషదో అప్పట్లో ఆలోచించినవాళ్లం కాము.

ఖరగ్‌పూర్ బజారులో దొరికే పేలాలను మా నాయనమ్మ ఒక్కనాడైనా మెచ్చుకోలేదు. పండుగకు వారం ముందే చేటలో పోసికొని కూర్చునేది. అంటిపెట్టుకొని ఉన్న పొట్టును ఒక్కొక్క పేలం నుంచి గోటితో తీసేది. పేలని గింజలు పళ్లకింద పడితే రాళ్లే. వాటిని ఏరి పక్కన పెట్టేది. "ఇవి పేలాలా? మా బిన్ని పేలాలు చూస్తే మీకు ఇవి తౌడులా కనిపిస్తాయి" అని ప్రతి ఏడూ అనేది. ఆ బిన్ని పండిన పొలం నదికి అవతల, ఇంకొక దేశంలో ఉండిపోయింది.

బెంగాలులో విజయదశమి నాడు దుర్గమ్మను సాగనంపిన తరువాత ఐదు రోజులకు ఆశ్వయుజ పూర్ణిమ వస్తుంది. ఆ రాత్రి కోజాగరీ లక్ష్మీపూజ. 'ఎవరు మేలుకొని ఉన్నారు?' అని అడుగుతూ లక్ష్మి వెన్నెలలో ఇల్లిల్లూ తిరుగుతుందని నమ్మకం. పేరు ఆ ప్రశ్ననుంచే వచ్చింది. వాకిట్లో బియ్యపు పిండి నీటితో ముగ్గులు, ముగ్గుల నడుమ లోపలికి వస్తున్నట్లు చిన్న చిన్న పాదాలు. నైవేద్యానికి కొబ్బరి ఉండలు, అటుకులు, ముర్కి. విజయదశమికి పెద్దలకు నమస్కరించడానికి వచ్చేవారికి, పూర్ణిమకు ప్రసాదానికి వచ్చేవారికి, అందరికీ పెట్టవలసినది ఇదే. అందుచేత ఆ ఐదు రోజులూ వంటింట్లో మూకుడు పొయ్యి దిగేది కాదు.

ముర్కి చేసే పద్ధతి రెండు మాటల్లో చెప్పవచ్చును. చేతికి రావడానికి మాత్రం కొన్ని ఏళ్లు పడుతుంది. 100 గ్రాముల పేలాలకు 200 గ్రాముల బెల్లం. బెల్లాన్ని కొద్ది నీటిలో కరగించి, వడకట్టి, సన్నని సెగమీద పాకం పెట్టాలి. ఖర్జూరపు చెట్టు కల్లునుంచి కాచే కొత్తబెల్లం శీతకాలపు సొత్తు. ఆశ్వయుజానికి అది ఉండదు. కాబట్టి చెరకు బెల్లమే గతి. తీగపాకం దాటాలి, ఉండపాకం ముదరకూడదు. పాకం లేతదైతే పేలాలు మెత్తబడి ముద్ద అవుతాయి. ముదిరితే ఒకదానికొకటి అతుక్కుని గడ్డ కడతాయి. సమయానికి దించి, పేలాలు పోసి, ఏలకుల పొడి, సన్నగా తరిగిన కొబ్బరి ముక్కలు వేసి, చల్లారేవరకు కలుపుతూనే ఉండాలి. అలా కలిపినప్పుడే పాకంలోని చక్కెర సన్నని పలుకుగా మారి పేలానికి పొడిగా పట్టుకొంటుంది. చేయి ఆగితే గడ్డ. మొవా అనే మా ఉండలో పేలాలన్నీ కలిసి ఒకటి కావాలి. ముర్కిలో అలా కాదు. ప్రతి గింజా విడివిడిగా ఉండాలి, ప్రతి గింజకూ తీపి అందాలి. నాయనమ్మ పరీక్ష ఇదే: చేటలో పోసి ఒకసారి ఎగరేస్తే గలగలమనాలి.

1965 సంవత్సరం మా ఇంట్లో ఎవరమూ మరచిపోలేదు. ఆ ఏడు పాల కొరత కారణంగా పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం ఛానాతో మిఠాయిలు చేయకూడదని ఉత్తర్వు చేసింది. కలకత్తానుంచి వచ్చే బంధువుల చేతుల్లో సందేశ్ పెట్టెలు మాయమైనవి. మయరా చేతులు ముడుచుకొని కూర్చున్నాడు. ముర్కికి మళ్లీ మర్యాద వచ్చింది. సెప్టెంబరులో యుద్ధం వచ్చింది. మా ఊరి పక్కనే ఉన్న కలాయికుండ విమానస్థావరంమీద బాంబులు పడ్డవి. రాత్రులు దీపాలు ఆర్పుకొని కూర్చున్నాము. యుద్ధం ఆగిన మూడు వారాలలోపే లక్ష్మీపూర్ణిమ వచ్చింది. బారిసాల్‌లో మిగిలిన బంధువులనుంచి ఉత్తరాలు రావడం ఆగిపోయింది. భారతదేశంలో నివసిస్తున్నవారి భూములను, ఇళ్లను పాకిస్తాన్ ప్రభుత్వం శత్రువుల ఆస్తిగా పరిగణించి స్వాధీనం చేసికొంటున్నదని నాన్నగారు పత్రికలో చదివారు. పదిహేనేళ్లుగా నాయనమ్మ ఆ పొలాన్ని వదిలి వచ్చినానని అనుకొన్నది గాని, పోయిందని ఎన్నడూ అనుకోలేదు. ఆ వార్త విన్ననాడు ఏమీ అనలేదు. పేలాలు ఏరుతూనే ఉన్నది.

ఆ మధ్యాహ్నం పెరట్లో గాలి లేచింది. చేటలోని పేలాలు సగం ఎగిరి గోడ దాటి పోయినవి. నాయనమ్మ వాటి వెనుక చూస్తూ, "ఉడో ఖై, గోవిందాయ నమః" అన్నది. గాలికి ఎగిరిపోయిన పేలాలు గోవిందునికి సమర్పించాను అని దాని అర్థం. ఎలాగూ చేజారినదానిని దానమిచ్చినట్లు చెప్పుకొనేవారిని ఎగతాళి చేయడానికి మావాళ్లు వాడే సామెత. గోడకు ఆవల బట్టలు ఆరవేస్తున్న పిన్ని పకాలున నవ్వింది. "అమ్మా, ఇది మా సామెతే! గాలికి పోయే పేలపిండి కృష్ణార్పణం అంటాము" అన్నది. తొలి ఏకాదశికి వాళ్లు పేలాలు దంచి, బెల్లం కలిపి పేలపిండి చేసుకొంటారు. నేను ఆ మాటలను నాయనమ్మకు బెంగాలీలో చెప్పినాను. దేశంలో రెండు మూలల మనుషులు ఒకరినొకరు అడగకుండానే ఒకే గింజను ఒకే గాలికి వదిలి, ఒకే దేవుని పేరు చెప్పి, ఒకే విధంగా నవ్వుకొన్నారన్న మాట! నాయనమ్మ కూడా నవ్వింది. నవ్వి, కొంతసేపటికి, "పొలం కూడా గోవిందునికే పోయిందనుకొంటాను" అన్నది. ఎగతాళికి పుట్టిన సామెత ఒక్కొక్కప్పుడు ఎంత బరువు మోయవలసి వస్తుందో ఆనాడు చూచినాను.

ఆనాటినుంచి పిన్ని మా పొయ్యి దగ్గరకు వచ్చి ముర్కి నేర్చుకొన్నది. నాయనమ్మ బారిసాల్ యాస మాకే సగం అర్థమయ్యేది కాదు. పిన్నికి బెంగాలీ అంతంతమాత్రం. మాటలతో పని లేకుండా పాఠం నడిచింది. పాకం చుక్కను నీళ్లలో వేసి, వేళ్లమధ్య తీసికొని, నాయనమ్మ తల ఊపేది. పిన్ని కూడా తల ఊపేది.

1967 శ్రావణంలో నాయనమ్మ పోయింది. కంసావతి ఒడ్డుకు తీసికొనిపోతూ దారి పొడుగునా పేలాలు చల్లారు. మాలో అది ఆచారం. పెళ్లిలో వధువు దోసిట అన్న పోసే పేలాలు అగ్నికి వెళతాయి. చివరి ప్రయాణంలో చల్లే పేలాలు మట్టికి వెళతాయి. తెల్లగా మల్లెల వలె దుమ్ములో పడి ఉన్నవాటిని చూచినప్పుడు, వాటిని చేటలో పోసికొని ఏరుతుండే చేతులు నాకు గుర్తుకు వచ్చినవి. ఏడాది పాటు ఇంట్లో పండుగ లేదు. ఆ లక్ష్మీపూర్ణిమకు మా వాకిట్లో ముగ్గు పడలేదు, మూకుడు పొయ్యి ఎక్కలేదు.

సాయంకాలం పిన్ని గిన్నెమీద మూత పెట్టుకొని వచ్చింది. అమ్మ మూత తీసి చూచి, వెంటనే మూసింది. "దారిలో చల్లి వచ్చినవే కదా ఇవి. వీటిని పిల్లల నోట ఎలా పెట్టను?" అన్నది.

పిన్ని కొంతసేపు ఊరకున్నది. తరువాత తనకు వచ్చిన బెంగాలీలో అన్నది: "దీదీ, మా ఊళ్లోనూ చల్లుతారు. పెళ్లిలో హోమంలో వేసేవీ ఇవే. గింజ ఎక్కడికి పంపితే అక్కడికి వెళుతుంది. పెద్దావిడ నాకు నేర్పినది దారిలో చల్లడం కాదు, పాకం పట్టడం. పిల్లలకు పెట్టకపోతే ఆవిడ నేర్పినది ఎవరికోసం?"

అమ్మ గిన్నె తీసికొన్నది. ఒక పేలం నోట వేసుకొన్నది. కన్నీళ్లు తుడుచుకొంటూనే, "పాకం కొద్దిగా ముదిరింది" అన్నది.

"అయితే వచ్చే ఏడు మీరు చేసి చూపించండి" అన్నది పిన్ని.

దుఃఖంలో ఉన్నవారిని ఓదార్చడానికి శాస్త్రాలు చాలా చెప్పినవి. ఆత్మకు చావు లేదన్న మాట మా ఇంటికి వచ్చిన పెద్దలందరూ చెప్పి వెళ్లినారు. అమ్మ అన్నింటికీ తల ఊపింది. కాని ఆమెను మళ్లీ పొయ్యి దగ్గరకు నడిపించినది పాకం ముదిరిందన్న సంగతి. చేయవలసిన పని ఒకటి సరిగా జరగలేదని తోచినప్పుడు మనిషి బ్రతుకులోకి తిరిగి వస్తుందని నేను నమ్ముతాను.

ఈ రోజులలో ముర్కి పొట్లాలుగా దుకాణాలలో దొరుకుతున్నది. శీతకాలంలో ఖర్జూరపు బెల్లంతో, కనకచూర్ పేలాలతో చేసే జయనగర్ మొవాకు 2015లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది, సంతోషించవలసిన విషయమే. నా మనుమరాలు పండుగకు స్నేహితులను పిలిచినప్పుడు మొక్కజొన్న అటుకులను, జీడిపప్పును, వేరుసెనగ గింజలను బెల్లపు పాకంలో కలిపి, గిన్నెలలో పోసి పెడుతుంది. "ఇది ముర్కి కాదు కదా, నానమ్మా?" అని మొదటిసారి భయపడుతూ అడిగింది. చేటలో పోసి ఎగరేయమన్నాను. గలగలమన్నది. గింజ పేరు మారవచ్చును. మా నాయనమ్మకు కూడా బిన్ని పోయి బజారు పేలాలు వచ్చినవి. ఆమె వాటిని ఒక్కనాడూ మెచ్చుకోలేదు. పండుగ మాత్రం వాటితోనే చేసింది.

మనుమరాలి పుస్తకంలో కొలతలన్నీ వ్రాసి ఇచ్చినాను: బెల్లం ఎంత, నీరు ఎంత, సెగ ఎంతసేపు. చివర కొలత కానిది ఒకటి వ్రాసినాను. మొదటి దోసిలి లక్ష్మికి, రెండవది పొరుగింటికి, ఆ తరువాతనే మన పిల్లలకు. తక్కినవాటిలో ఆమె తన ఇష్టం వచ్చిన మార్పు చేసికోవచ్చును.