విట్బీ ప్రయాణం – గడువు దాటిన కాగితం

ఇంగ్లండు దేశపు ఉత్తర భాగంలో యార్క్‌షైర్ అనే విశాలమైన ప్రాంతం ఉన్నది. అక్కడి లీడ్స్ నగరం నుండి తూర్పు తీరాన ఉన్న విట్బీ అనే రేవు ఊరికి సుమారు 70 మైళ్ళు. దారిలో యార్క్, మాల్టన్, పికరింగ్ పట్టణాలు వస్తాయి. పికరింగ్ దాటాక పొలాలు అయిపోయి, మూర్స్ అనే ఎత్తయిన బీడు భూములు మొదలవుతాయి. అక్కడ చెట్టూ చేమా తక్కువ, గాలి ఎక్కువ. ఆగస్టు, సెప్టెంబరు మాసాలలో హెదర్ అనే చిన్న పొద పూసి, కొండలన్నీ ఊదారంగు దుప్పటి కప్పుకున్నట్లు కనబడతాయి.

2023 సెప్టెంబరులో మేమిద్దరం లీడ్స్‌లోని మా అమ్మాయి ఇంట ఉన్నాము. ఒక శనివారం ఉదయం అందరం కారులో విట్బీకి బయలుదేరాము. మా అల్లుడుగారే నడిపారు. పులిహోర, పెరుగన్నం డబ్బాలలో పెట్టుకొని, తొమ్మిదిన్నరకల్లా పికరింగ్ చేరి, టీ కోసం ఆగాము. ఎనిమిదేళ్ళ మనవడు, "నాన్నా, మన కారు నాకంటే పెద్దదా?" అని అడిగాడు. ఆ దేశంలో ఏ బండి నంబరైనా ప్రభుత్వ వెబ్‌సైటులో కొడితే దాని వయసు, పరీక్ష వివరాలు కనబడతాయి. అల్లుడుగారు సెల్‌ఫోనులో నంబరు కొట్టి, "నీకంటే ఏడాది పెద్దది" అంటూనే ఆగిపోయారు. దాని కిందనే మరొక సంగతి కనబడింది. కారు పరీక్ష గడువు తీరి అప్పటికి పదకొండు రోజులు!

ఈ పరీక్షను అక్కడ ఎం.ఓ.టి. అంటారు. రవాణా మంత్రిత్వ శాఖ అనే మాటకు ఇంగ్లీషు పొడి అక్షరాలవి. ఆ శాఖ పేరు ఎప్పుడో మారిపోయినా పరీక్షకు పాత పేరే నిలిచింది. 1960లో, ఎర్నెస్ట్ మార్పుల్స్ రవాణా మంత్రిగా ఉన్న కాలంలో ఇది మొదలైంది. మొదట పదేళ్ళు దాటిన కార్లకే బ్రేకులు, దీపాలు, స్టీరింగు చూసేవారు. తప్పిన బండ్లు ఎక్కువ కావడంతో మరుసటి ఏడాదే ఆ వయసును ఏడేళ్ళకు, 1967లో మూడేళ్ళకు తగ్గించారు. ఇప్పుడు ఇంగ్లండులో మూడేళ్ళు నిండిన కారును ప్రతి ఏటా పరీక్షించాలి. టైర్లు, సీటు బెల్టులు, హారను, పొగ అన్నీ చూస్తారు. టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గరాదు. ప్రభుత్వ అనుమతి పొందిన మామూలు మెకానిక్కు షెడ్లలోనే ఈ పని జరుగుతుంది. నీలిరంగు పలకపై మూడు తెల్ల త్రికోణాలు కనబడితే అక్కడ పరీక్ష చేస్తారని గుర్తు.

గడువు తీరితే ఎవరూ ఇంటికి వచ్చి చెప్పరు. కారు అద్దానికి అంటించే పన్ను బిళ్ళ కూడా 2014 అక్టోబరుతో పోయింది. గుర్తు చేయమని ముందే నమోదు చేసుకుంటే సెల్‌ఫోనుకు సందేశం వస్తుంది. అల్లుడుగారు నమోదు చేసుకున్నారు గాని, మధ్యలో ఫోను నంబరు మారింది. సందేశం పాత నంబరుకు పోయింది.

ఇప్పుడేమి చేయాలి? సముద్రం ఇంకా 20 మైళ్ళు. మనవడు బకెట్టు, చిన్న పార ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. "ఇంతదూరం వచ్చాము కదా, నెమ్మదిగా వెళ్ళి వద్దాము. ఇల్లు చేరాలన్నా ఇదే కారులో పోవాలి కదా" అన్నది అమ్మాయి. ఆ మాటలోనూ న్యాయం లేకపోలేదు. కాని అల్లుడుగారు తల ఊపలేదు. "మావయ్యగారూ, వెయ్యి పౌండ్ల దాకా జరిమానా పడవచ్చు. అది కట్టుకోవచ్చు. దారిలో ఎవరికైనా తగిలితే ఇన్సూరెన్సు వాళ్ళు పేచీ పెడతారు. అదీ పక్కన పెట్టండి. ముందున్నది బ్లూ బ్యాంక్ దిగుడు. వెనక సీటులో మీరంతా ఉంటారు" అన్నారు.

చట్టంలో ఒక దారి ఉన్నది. పరీక్షకు ముందుగా సమయం తీసుకొని ఉంటే, గడువు తీరిన కారునైనా అక్కడి వరకు నడుపుకొని పోవచ్చు. మరమ్మతుకు తీసుకొని పోవచ్చు. మరెక్కడికీ కాదు. అల్లుడుగారు అక్కడి షెడ్లకు వరుసగా ఫోను చేశారు. రెండు చోట్ల ఖాళీ లేదన్నారు. మూడవ చోట పదిన్నరకు రమ్మన్నారు.

మేము బల్ల మీద కూర్చొని చూస్తుండగా కారు ముందు చక్రాలను రోలర్ల మీదికి ఎక్కించి బ్రేకు బలం కొలిచారు. తరువాత కారును పైకి లేపి, టార్చిలైటుతో వెదికారు. ముప్పావు గంటకు ఆ మెకానిక్కు వచ్చి అల్లుడుగారిని పిలిచి చూపించాడు. ముందు ఎడమ చక్రపు బ్రేకు ప్యాడు అరిగి అరిగి ఒక్క మిల్లీమీటరే మిగిలింది. అక్కడ లోపాలను స్వల్పం, పెద్దది, ప్రమాదకరం అని మూడు తరగతులుగా రాస్తారు. ఇది మూడవది. బాగు చేయకుండా కారు రోడ్డెక్కరాదు. నడిపేటప్పుడు ఏ తేడా తెలియలేదని అల్లుడుగారు అన్నారు. చదునైన రోడ్డు మీద తెలియదని మెకానిక్కు బదులు చెప్పాడు. కొత్త ప్యాడ్లు వేసి సాయంత్రం నాలుగు గంటలకు ఇస్తానన్నాడు.

అమ్మాయి ఏమీ మాట్లాడలేదు. పిల్లవాడి చేయి పట్టుకొని, "పద, బస్సెక్కుదాం" అన్నది.

లీడ్స్ నుండి విట్బీకి పోయే 840 నంబరు రెండంతస్తుల బస్సు పికరింగ్‌లో ఆగుతుంది. 2018లో బ్రిటన్‌లోకెల్లా అందమైన బస్సు దారిగా ప్రజలు ఎన్నుకున్నది దీనినే. ఆ ఏడు ఇంగ్లండులో చాలా బస్సులలో ఒకవైపు టికెట్టు 2 పౌండ్లకు మించరాదని ప్రభుత్వం పెట్టింది గనుక ఖర్చూ పెద్దగా కాలేదు. పై అంతస్తు ముందు సీటులో మనవడు కూర్చున్నాడు. ఎడమ వైపున హోల్ ఆఫ్ హార్కమ్ అనే గిన్నెలాంటి లోయ కనబడింది. దాని లోతు సుమారు 400 అడుగులు. వేడ్ అనే రాక్షసుడు భార్య మీద కోపంతో గుప్పెడు మన్ను తీసి విసిరితే ఆ గుంట పడిందని అక్కడివాళ్ళ కథ. నిజానికి కొండ ఊటల నీరు వేల ఏళ్ళు తొలిచిన లోయ అది.

తరువాత బ్లూ బ్యాంక్ వచ్చింది. ఐదు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు కిందికి దిగే వాలు. తక్కువ గేరులో పొమ్మని బోర్డులు. బ్రేకు పట్టని బండి పక్కకు తిరిగి ఆగడానికి వేరే దారి కూడా వేసి ఉంచారు. మన అరకు ఘాటు రోడ్డు ఎరిగిన మాకు కూడా ఊపిరి బిగపట్టినట్లయింది. బస్సు గేరు మార్చుకొని మెల్లగా దిగింది. అల్లుడుగారు ఆ పక్కదారి వైపు చూసి, మా వైపు చూశారు. ఒక మిల్లీమీటరు మాట మా అందరికీ గుర్తున్నది.

విట్బీలో 199 మెట్లెక్కితే కొండ మీద పాత సెయింట్ మేరీ ఆలయం, దాని వెనుక శిథిలమైన మఠం ఉన్నాయి. క్రీ.శ. 657లో హిల్డా అనే స్త్రీ ఆ మఠాన్ని స్థాపించింది. అక్కడ పశువులు కాచిన కేడ్మన్ ఇంగ్లీషు భాషలో పేరు తెలిసిన తొలి కవి. కింద గ్రేప్ లేన్‌లో జేమ్స్ కుక్ కుర్రవాడిగా ఓడపని నేర్చుకున్న యజమాని ఇల్లు ఇప్పుడు మ్యూజియం. కుక్ లోకం చుట్టి వచ్చిన ఎండెవర్ 1764లో విట్బీలోనే కట్టిన బొగ్గు ఓడ. 1768లో నౌకాదళం దానిని కొని, పరీక్షించి, పురుగు తొలవకుండా అడుగున మరో వరుస పలకలు కొట్టించాకే సముద్రం మీదికి పంపింది.

మనవడు ఇసుకలో గంటసేపు ఆడాడు. చీకటి పడకముందే పికరింగ్ చేరి, కొత్త ధ్రువపత్రంతో కారు తీసుకొని ఇల్లు చేరాము.

ప్రియ పాఠకులారా, మన ఊళ్ళలో ఆటోలకు, లారీలకు, బడి బస్సులకు ఎఫ్.సి. చేయించాలని అందరికీ తెలుసు. సొంత కారు సంగతి అంతగా పట్టించుకోము. దాని ఆర్.సి. పదిహేనేళ్ళే. తరువాత బండి చూపించి ఐదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. పొగ పరీక్షకు, ఇన్సూరెన్సుకు వేరే గడువులున్నాయి. ఈ రోజే మీ బండి కాగితాలు తీసి, ఆ తేదీలను గోడ క్యాలెండరు మీద ఒక నెల ముందే రాసి పెట్టండి. పిల్లలు ఎక్కే ఆటో అయితే, డ్రైవరును మర్యాదగా అడిగి ఎఫ్.సి. తేదీ చూడండి. మంచి డ్రైవరు కోపగించుకోడు.