ఉమ్మడి లాయం

'ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది' అని తెలుగునాట ఒక సామెత ఉంది. పదిమందికి చెందినది ఎవరికీ పట్టకపోవడం లోకసహజం. యజమాని ఒక్కడే అయినా, చుట్టూ పదిమంది ఉన్నచోట మూగజీవికి అదే దుర్గతి పట్టడం విచిత్రం. ఇంగ్లాండులోని అద్దె లాయాలలో ఈ విచిత్రం కానవస్తుంది.

సొంత పొలం లేనివారు అక్కడ తమ గుర్రాలను అద్దె చెల్లించి ఒకే ఆవరణలో ఉంచుతారు. కొన్నిచోట్ల పోషణభారమంతా నిర్వాహకులే వహిస్తారు. మరికొన్నిచోట్ల శాల, పచ్చికబయలు మాత్రమే వారివి. మేపడం, మాలీసు చేయడం, పేడ ఎత్తడం యజమాని వంతు. అద్దె తక్కువ కనుక ఈ రెండవ పద్ధతిని ఆశ్రయించేవారున్నారు. చిక్కు పుట్టేది ఇక్కడే.

రాజసం ఉట్టిపడే గుర్రం నిజానికి సుకుమారమైన ప్రాణి. దేహం పెద్దదైనా దాని జీర్ణాశయం చిన్నది. అందుచేత అది రోజులో అధికభాగం కొద్దికొద్దిగా మేస్తూనే ఉండాలి. తిన్నది వికటిస్తే కక్కుకొనే శక్తి దానికి లేదు. కడుపునొప్పి ప్రాణాంతకం కావచ్చు. రోజుకు 25 లీటర్లకు తక్కువ కాకుండా నీరు కావాలి. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి.

నిర్లక్ష్యం ఒక్కనాడు బయటపడదు. మొదట వారంలో ఒక పూట రాక తప్పుతుంది. కారణాలకు కొదవ ఉండదు. క్రమంగా నీళ్ళతొట్టి పాచి పడుతుంది. గిట్టలు పెరిగి చీలుతాయి. పక్క శాలవారు జాలిపడి గడ్డి వేస్తారు. జాలి ఉత్తమగుణమే. కాని, 'ఎవరో ఒకరు చూస్తారులే' అన్న ధీమా దానివల్లనే యజమానికి కలుగుతుంది. పైగా, గిట్టలవాపు వ్యాధి ఉన్న గుర్రానికి తెలియక పెట్టిన తీపిదాణా మేలుకు బదులు కీడు చేస్తుంది.

కనుక మొదట చేయవలసినది యజమానిని మృదువుగా పలకరించడం. నిర్లక్ష్యం వెనుక అనారోగ్యమో, అప్పులో, ఆప్తుల మరణమో ఉండవచ్చు. అటువంటివారికి నింద కన్నా వంతులవారీ సాయం మేలు. అప్పటికీ మార్పు రాకపోతే, చూసినదానిని తేదీలతో వ్రాసిపెట్టి నిర్వాహకుని దృష్టికి తేవాలి. పశువైద్యుని పిలిపించే అధికారం ఎవరిది, ఖర్చు ఎవరిది అన్నవి ఒప్పందపత్రంలో ముందే ఉంటే సగం తగవులు పుట్టనే పుట్టవు.

చట్టం అండ కూడా ఉంది. రిచర్డ్ మార్టిన్ కృషి ఫలితంగా 1822లో బ్రిటిష్ పార్లమెంటు గుర్రాలను, పశువులను హింసించడాన్ని నేరంగా ప్రకటించింది. 1824లో లండన్‌లో జంతుహింసా నివారణ సంఘం ఏర్పడింది. 2006 నాటి జంతు సంక్షేమ చట్టం మరొక అడుగు ముందుకు వేసింది. కొట్టకుండా ఉండటమే చాలదని, తగిన ఆహారం, నివాసం, సాంగత్యం, సహజంగా మెలగే వీలు, వ్యాధిబాధల నుండి రక్షణ కల్పించడం బాధ్యుని విధి అని శాసించింది. యజమాని ఎల్లప్పుడూ బాధ్యుడే. తాత్కాలికంగా భారం వహించినవాడూ బాధ్యుడే.

అయినా నోరు విప్పడానికి జంకేవారే ఎక్కువ. రోజూ ముఖముఖాలు చూసుకోవలసిన చోట తగవు ఎందుకన్న సంకోచం వారిది. ఆ సంకోచానికి మూల్యం చెల్లించేది గుర్రం. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథియై తనవి కాని గుర్రాలను తనవిగా సాకాడు. అంతటి నేర్పు అందరికీ ఉండనక్కరలేదు. ఎండిన తొట్టిని చూసి, అది ఎవరిదని ఆలోచించక నీరు నింపడానికి, ఆపై యజమానితో సూటిగా మాట్లాడటానికి తగిన ధైర్యం ఉంటే చాలు. గుర్రాన్ని కొనడం ఒక్కనాటి ముచ్చట. పోషణ పాతికేళ్ళ బాధ్యత.