గోదావరి అనే జంగీ జహాజు

మన వరంగల్ వాళ్లకి గోదావరి అంటే ఏటూరునాగారం, మంగపేట పక్క నుంచి పారే దరియా. ఆ పేరుతో ఒక జంగీ జహాజు కూడా ఉండేది. ఇంగ్లాండులో థార్నీక్రాఫ్ట్ కంపెనీ కట్టింది, 1943లో రాయల్ ఇండియన్ నేవీలో చేరింది. సరుకు ఓడల కాఫిలాకి కాపలా కాయడం, నీళ్ల అడుగున పొంచి ఉన్న దుష్మన్ సబ్‌మెరైన్లను వెతకడం దాని డ్యూటీ. కాఫిలా అన్న మాట ఇక్కడ సరిగ్గా సరిపోతుంది. అన్నిటికన్నా నెమ్మదిగా నడిచే ఓడ ఎంత వేగంతో పోతే మిగతావీ అంతే వేగంతో పోవాలి.

1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర బ్రిటిష్ ఫ్రిగేట్ ఫిండ్‌హార్న్‌తో కలిసి జర్మనీ యూ-198ని ముంచింది. అందులోని 66 మందిలో ఒక్కరూ మిగల్లేదు. దుష్మన్లే, కానీ వాళ్ల ఇళ్లలోనూ అమ్మీలు ఎదురు చూస్తుండి ఉంటారు.

తర్వాత తక్సీమ్. నదుల పేర్లున్న స్లూపుల్లో సట్లెజ్, జమునా, కృష్ణా, కావేరి ఇక్కడ మిగిలాయి. నర్మదా, గోదావరి పాకిస్తాన్ హిస్సాలోకి పోయాయి. గోదావరికి 'సింద్' అని పేరు మార్చారు.

జహాజుని నీ మర్జీ ఏంటని ఎవరడుగుతారు? మా దాదాని మాత్రం అడిగారు. కరాచీ చేరిన తమ్ముడు ఖత్ మీద ఖత్ రాశాడు. "అబ్బాజాన్ ఖబర్ ఇక్కడుంది, దాన్ని ఎవరికి అప్పజెప్పి రావాలె?" అని ఒకటే జవాబు రాశారట దాదా.

"మీరెప్పుడు పోతరు?" అని బడిలో నన్ను అడిగారు. మొన్న మా బిడ్డనూ అడిగారు. ఏం చెప్పాలి అబ్బా అంది. దాదా రాసిన జవాబు చెప్పాను.