మధ్యలో పెట్టుకునే ప్లేటు

తపాస్ అంటే స్పెయిన్‌లో డ్రింకుతో పాటు తినే చిన్న ప్లేట్లు. ఎవరి కంచం వాళ్లది అన్నట్టు ఉండదు. మధ్యలో పెట్టుకుని, కబుర్లాడుతూ అందరూ తింటారు. పోయిన వేసవిలో సెవిల్ వెళ్లినప్పుడు వంట క్లాసులో చేరి రెండు నేర్చుకున్నా.

మొదటిది తోర్తియా, అంటే బంగాళాదుంపల ఆమ్లెట్. దుంపల్ని పల్చగా తరిగి, ఆలివ్ నూనెలో సన్నని మంట మీద ఎర్రబడకుండా మెత్తబడనివ్వాలి. నూనె వంచేసి, గిలక్కొట్టిన గుడ్లలో కాసేపు నానబెట్టి పెనంలో పోయాలి. అడుగు గట్టిపడ్డాక ప్లేటు బోర్లించి, ఒక్కసారిగా తిరగేసి, మళ్లీ పెనంలోకి జార్చాలి. ఉల్లిపాయ వేయాలా వద్దా అన్నది అక్కడ తెగని తగువు!

రెండోది తింతో దె వెరానో. గ్లాసు నిండా ఐసు, రెడ్ వైన్, లెమన్ సోడా చెరిసగం. అంతే.

హైదరాబాద్ వచ్చాక ఓ శుక్రవారం ఫ్లాట్‌లో ఇవి చేశా. ముగ్గురం ఏడాదిగా కలిసే ఉంటున్నాం, కానీ ఎవరి పార్సిల్ వాళ్లది, ఎవరి గది వాళ్లది. ఆ రోజు ఒకే ప్లేటు చుట్టూ కూర్చున్నాం. రెండో ముక్క తీసుకుంటూ ఒకడు మెల్లగా చెప్పాడు, ఉద్యోగం పోయి మూడు వారాలైందట. పక్క గదిలోనే ఉన్నా మాకు తెలీదు.

తెల్లారేదాకా మాట్లాడుకున్నాం. రెజ్యూమే కూడా అప్పుడే సరిచేశాం.

వచ్చే శుక్రవారం మళ్లీ తోర్తియానే. దుంపలు వాడే తరుగుతానన్నాడు.