లాడ్ బజార్ దాటలేదు

చార్మినార్, చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం... అన్నీ ఒకే రోజులో చుట్టేద్దామని బయల్దేరాం.
లాడ్ బజార్‌లో గాజుల కొట్టు ముందు ఆగిన మా చిన్నది కదిలితే ఒట్టు!

లోపలాయన బొగ్గుల కుంపటి మీద లక్క మెత్తబరిచి, సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి ఆరేలోపే ఒక్కో రాయీ అద్దుతున్నాడు.
"అంకుల్, చెయ్యి కాలదా?"
"అలవాటైపోయింది బేటా."

పెద్దాడికేమో 1591 నాటి చార్మినార్ కన్నా పక్క సందులో మేకపిల్లే నచ్చింది. నచ్చనీ.

మ్యూజియం సంగతి ఎవరికీ గుర్తులేదు. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్లు, కబుర్లు. టైమ్ చూసుకోకుండా పిల్లలతో తిరగడం ఇంత హాయిగా ఉంటుందా అనిపించింది.

మీ పిల్లలు సిటీలో ఎక్కడ పాతుకుపోతారు? చెప్పండి, వచ్చే ఆదివారం అక్కడికే పోతాం.