మంచు కొండ మీద ఐదు రోజులు



హిమము అనే మాట మన సంఘాలలో తెలియనివారు లేరు. కీర్తనలలో చదువుతాము, ఆదివారపు బడిలో పిల్లలచేత కంఠతా పట్టిస్తాము. అయితే దానిని కంటితో చూచినవారు మనలో ఎందరు? మాఘమాసంలో తెల్లవారుజామున గడ్డివాము మీద కురిసే మంచు తప్ప మేమూ వేరే మంచు ఎరుగము. 2019 ఫిబ్రవరిలో స్విట్జర్లాండులోని ఒక సహోదర సంఘము వారి ఆహ్వానము మీద మా ప్రాంతము నుండి ముగ్గురము సంఘ కాపరులము ఆ దేశము వెళ్ళాము. కూడికలు ముగిసిన తరువాత, మాకు ఆతిథ్యమిచ్చిన కుటుంబము వారు తమ పిల్లల బడి సెలవులకు మ్యూరెన్ అనే కొండ ఊరికి వెళుతూ మమ్మల్ని కూడా తీసుకొని వెళ్ళారు. మంచు మీద జారే ఆటకు పేరుపడిన ఊరు అది. అక్కడ ఐదు రోజులలో చూచినవి, విన్నవి మీతో పంచుకొనవలెనని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మోటారు బండి లేని ఊరు

ముందుగా రైలులో లౌటర్‌బ్రున్నెన్ అనే లోయకు చేరాము. లోయకు రెండు ప్రక్కలా గోడ కట్టినట్టు నిలువు కొండలు. ఒక కొండ అంచు నుండి స్టౌబ్‌బాఖ్ అనే జలపాతము దాదాపు 300 మీటర్ల ఎత్తునుండి దూకుతుంది. చలికాలము గనుక ఆ నీటి తుంపర బండకు అంటుకొని తెల్లని గడ్డలై వేలాడుచున్నది.

అక్కడ నుండి తీగల మీద వ్రేలాడే పెట్టెలో కూర్చుండి పైకి వెళ్ళాలి. ఆ పెట్టె అడుగున సామాను మోసే అర ఒకటి ఉన్నది. పాలు, రొట్టెలు, కూరగాయలు, ప్రయాణికుల పెట్టెలు అన్నీ అందులోనే. పైన గ్రూచాల్ప్ అనే చోట దిగి, కొండ అంచు వెంబడి పోయే చిన్న రైలు ఎక్కితే పావుగంటలో మ్యూరెన్ వస్తుంది. ఊరు సముద్రమట్టానికి సుమారు 1,640 మీటర్ల ఎత్తున ఉన్నది. మన హార్సిలీ కొండలు సుమారు 1,265 మీటర్లు. ఎత్తులో తేడా అంత ఎక్కువేమీ కాదు, చలిలో తేడా చెప్పనలవి కాదు. లంబసింగి చలికే వార్తలు వ్రాసుకొనే మనకు, తెల్లవారేసరికి సున్నాకు తొమ్మిది డిగ్రీలు దిగువన ఉన్న గాలి మొగమున తగిలితే ఎట్లుంటుందో ఊహించండి! మా శాలువలు, మంకీ క్యాపులు చూచి ఆ ఇంటి తల్లి నవ్వి, లోపల ఒకటి మీద ఒకటిగా పలుచని బట్టలు తొడుక్కొమ్మనీ, నల్లద్దాలు లేకుండా బయటికి రావద్దనీ చెప్పింది. తెల్లని మంచు మీద పడిన ఎండ తిరిగి కండ్లలోనే కొడుతుంది. ఆ వెలుగుకు కండ్లు మండి, కొంతసేపు చూపు కూడా ఆనదట.

ఊరికి ఎదురుగా ఐగర్, మోంక్, యుంగ్‌ఫ్రావ్ అనే మూడు శిఖరాలు వరుసగా నిలబడి ఉంటాయి. యుంగ్‌ఫ్రావ్ 4,158 మీటర్లు. ఊరిలో కాపురమున్నవారు నాలుగు వందల పైచిలుకు మాత్రమే. బయటి మోటారు కార్లు రావు. తల్లులు పసిపిల్లలను చెక్క బల్లబండ్ల మీద కూర్చుండబెట్టి త్రాటితో లాగుకొని పోతారు. ఒక ముసలమ్మ వారానికి సరిపడ సరుకులు అట్లాగే లాగుకొంటూ ఎదురై, మా ముగ్గురినీ చూచి నిలబడి పలుకరించింది. హారను మ్రోత లేదు. చర్చి గంట కొట్టితే ఊరంతా వినబడుతుంది.

వెనుకకు నడిచిన తండ్రి

ఆ ఇంటి తండ్రి కర్మాగారములో ఫిట్టరు, తల్లి ఆసుపత్రిలో నర్సు. తొమ్మిదేండ్ల కొడుకు, ఆరేండ్ల కుమార్తె. వారేమీ ధనవంతులు కారు. సంవత్సరమంతా ఒక డబ్బాలో కొంచెము కొంచెముగా వేసుకొని ఈ సెలవులకు వస్తారు. మధ్యాహ్న భోజనము హోటలులో కాదు, ఇంటి నుండి తెచ్చిన రొట్టె, జున్ను, ఆపిలు పండ్లు. రాత్రి ఒక కుండలో జున్ను కరగించి, అందరూ చుట్టూ కూర్చుండి రొట్టె ముక్కలు అందులో ముంచి తిన్నాము. మేము తీసుకొని పోయిన ఆవకాయ సీసా తీస్తే ఆ చిన్నది కొంచెము నాలుకకు రాచుకొని, రెండు గ్లాసుల పాలు త్రాగింది. మరునాడు మళ్ళీ అడిగింది!

పిల్లలు నేర్చుకొనే చోటు ఊరి దగ్గరే, ఏటవాలు బహు తక్కువగా ఉంటుంది. కాళ్ళకు గట్టి బూట్లు, వాటికి బిగించిన పొడవాటి పలకలు, తలకు శిరస్త్రాణము. మొదట నేర్పేది జారుట కాదు, ఆగుట. రెండు పలకల మొనలు దగ్గరకు తెచ్చి, మడమలు వెడల్పు చేస్తే పలకల లోపలి అంచులు మంచును గీరి వేగము తగ్గుతుంది. ఆగుట వచ్చిన పిల్లవానికే కొండ మీదికి సెలవు. కొండ దారులకు రంగులు పెట్టారు. నీలము సులువైనది, ఎరుపు మధ్యస్థము, నలుపు కష్టము.

రెండవ రోజున ఆ చిన్నది మొదటిసారిగా నీలపు దారిలోకి వచ్చింది. సగము దూరము రాగానే క్రింద చూచి భయపడి నిలిచిపోయింది. ఏడ్చింది, కదలనన్నది. తండ్రి కోపపడలేదు, ఎత్తుకోనూ లేదు. ఆమెకు ముందు నిలబడి, ఆమె వైపు తిరిగి, తానే వెనుకకు జారుతూ, చేతులు చాచి, ఒక్కొక్క గజము క్రిందికి దిగాడు. చేతులు తాకలేదు, అందేంత దూరములోనే ఉన్నాయి. ఆమె క్రింది లోయను చూచుట మాని తండ్రి మొగమునే చూస్తూ వచ్చింది. అడుగుకు చేరేసరికి అరగంట పట్టింది. మేము ఒడ్డున నిలబడి చూస్తున్నాము, మాలో ఎవరమూ మాటలాడలేదు.

మేమైతే పలకల జోలికి పోలేదు. చెక్క బల్లబండి మీద జారి, ముగ్గురమూ మూడు చోట్ల మంచులో పడి, ఆ పిల్లలకు వారము రోజులకు సరిపడ నవ్వు పంచిపెట్టాము.

పైవాడు క్రిందివానిని చూచుకోవాలి

అంత జనము అంత వేగముగా జారుతూ ఉంటే ఒకరినొకరు గుద్దుకోరా అని అడిగాము. అంతర్జాతీయ స్కీ సమాఖ్య వారు పెట్టిన పది నియమాలు ఉన్నాయని చెప్పారు. వాటిలో ఒకటి మా మనస్సుకు పట్టింది. వెనుక నుండి, అంటే పై నుండి వచ్చేవాడే, ముందున్నవానికి హాని కలుగకుండా తన దారి ఎన్నుకోవాలి. క్రిందనున్నవానికి వెనుక కండ్లు లేవు. పైనున్నవానికి చూపూ ఉన్నది, వేగమూ ఉన్నది. కనుక బాధ్యత అతనిది. మరొక నియమము, ప్రమాదము చూచినవాడు ఆగి సహాయము చేయాలి. మన ఊళ్ళలోని రోడ్ల మీద, మన పంచాయితీలలో, మన ఇండ్లలో కూడా ఈ రెండు నియమాలు ఎవరైనా వ్రాసిపెడితే ఎంత బాగుండునని అనుకొన్నాము.

మంచు ఆటే కాదు, మృత్యువు కూడా. 1999 ఫిబ్రవరి 23న ఆస్ట్రియాలోని గాల్ట్యూర్ అనే కొండ ఊరి మీద మంచు చరియ విరిగిపడి 31 మంది చనిపోయారు. అందువలన కొండల మీద ఇనుప కంచెలు వరుసలుగా నాటి మంచును ఆపుతారు. చలికాలములో దావోస్ పట్టణమందలి మంచు పరిశోధన సంస్థ వారు ఉదయము, సాయంకాలము ప్రమాదపు స్థాయిని ఒకటి నుండి ఐదు అంకెలలో ప్రకటిస్తారు. ఆ ఇంటి తండ్రి ప్రతి ఉదయము ప్రార్థన అయిన వెంటనే ఆ ప్రకటన చూచిన తరువాతే బూట్లు తొడిగేవాడు.

మద్రాసులో పుట్టిన బాలుడు

ఈ మ్యూరెన్ చరిత్రలో మన దేశపు సంబంధము ఒకటి ఉన్నదని విని ఆశ్చర్యపోయాము. హెన్రీ లన్ అనే ఆంగ్లేయుడు మెథడిస్టు బోధకుడు, వైద్యుడు. 1887లో మిషనెరీగా మద్రాసు ప్రాంతానికి వచ్చాడు. కోస్తా జిల్లాలు, రాయలసీమ ఆ రోజులలో మద్రాసు రాజధాని క్రిందనే ఉండేవి గదా. 1888లో మద్రాసులో అతనికి కొడుకు పుట్టాడు, పేరు ఆర్నాల్డ్. హెన్రీ లన్ ఆరోగ్యము చెడి త్వరలోనే స్వదేశము వెళ్ళిపోయాడు. వెళ్ళిన తరువాత, మన దేశములోని మిషనెరీలు దొరల పద్ధతిలో జీవించుట వలన బీదజనానికి దూరమవుతున్నారని విమర్శించాడు. దాని మీద పెద్ద వివాదమే రేగింది. కొంతకాలానికి అతడు ఆ సంఘపు సేవ విడిచిపెట్టాడు.

1892లో వేర్వేరు సంఘాల వారిని ఐక్యత గూర్చి మాట్లాడుకొనుటకు గ్రిండెల్‌వాల్డ్ అనే కొండ ఊరిలో సమకూర్చాడు. ఆ ప్రయాణాల ఏర్పాట్లే పెరిగి పెరిగి వ్యాపారమయ్యాయి. చలికాలములో మూతబడి ఉండే కొండ హోటళ్ళకు ఇంగ్లండు నుండి జనాన్ని తీసుకొని వచ్చాడు. మ్యూరెన్ రైలు చలికాలములో కూడా నడుచుట 1910లో అతని ప్రోద్బలము వలననే మొదలయింది. మిషనెరీల సుఖజీవనాన్ని విమర్శించిన మనిషే చివరకు కలవారిని విహారానికి తీసుకొని వెళ్ళుట వింతగా లేదా? అతడు నవ్వులాటకు మాత్రమే చేశాడని మేము అనము, తప్పు పట్టుటకూ మాకు అధికారము లేదు. మనిషి బ్రతుకు ఏ మలుపు తిరుగుతుందో ఎవరికి తెలుసు!

కొడుకు ఆర్నాల్డ్ 1909లో కొండ మీద నుండి పడి కాలు విరిగి, ఆ కాలు పొట్టిదైపోయింది. అయినా మంచు ఆట మానలేదు. పాతిన కర్రల మధ్య మలుపులు తిరుగుతూ దిగే స్లాలమ్ పందెమును నేటి పద్ధతిలో 1922లో ఈ మ్యూరెన్‌లోనే పెట్టించాడు. 1931లో ఈ క్రీడలో మొదటి ప్రపంచ పోటీలు ఇక్కడే జరిగాయి, స్త్రీలు కూడా పాల్గొన్నారు. 1936 నాటికి ఒలింపిక్సులో ఆ ఆట చేరింది.

మంచే పంట

చలికాలపు విహారము రాకముందు ఈ కొండ ఊళ్ళకు పశువులు, గడ్డి, జున్ను తప్ప వేరే ఆధారము లేదు. నిటారు వాలులలో గడ్డి కోసి, చలికాలమంతా పశువులను కాపాడుకొనేవారు. బ్రతుకుతెరువు లేక సముద్రాలు దాటి పోయినవారు ఎందరో. వలస అంటే ఏమిటో పాలమూరు వారికి, శ్రీకాకుళము వారికి మేము చెప్పనక్కరలేదు. ఇప్పుడు వేసవిలో పశువులను మేపే రైతే చలికాలములో తీగబండి నడుపుతాడు, పిల్లలకు జారుట నేర్పుతాడు. మంచు వారికి వానవంటిది. పడితే పంట, లేకుంటే కరువు.

ఆ మంచే తగ్గుతున్నది. తక్కువ ఎత్తున ఉన్న కొన్ని చోట్ల తీగబండ్లు మూతబడ్డాయి. మిగిలినచోట్ల చెరువులలో నీరు నిలువ చేసి, చలి బాగా ఉన్న రాత్రులలో యంత్రాలతో చిమ్మి మంచు చేస్తారు. చలి లేకపోతే ఆ యంత్రమూ పనికిరాదు. మేము వచ్చిన తరువాత తెలిసిన సంగతి మరీ విచారకరము. 2022, 2023 ఈ రెండు సంవత్సరాలలోనే స్విట్జర్లాండు హిమానీనదాలు తమలో ఉన్న మంచుగడ్డలో సుమారు పదవ వంతు పోగొట్టుకొన్నాయి. మన బోర్లు ఎండిపోవుట, వారి మంచు కరుగుట రెండు వేరు కథలు కావు.

ఒక అవ్వ అడిగిన ప్రశ్న

ఈ సంగతులన్నీ మా సంఘములో చెప్పినప్పుడు, కూలి చేసుకొనే ఒక అవ్వ లేచి, "అయ్యగారూ, ఆ కొండెక్కి ఒక్కరోజు ఆడుకొనేదానికి ఎంతవుతాది?" అని అడిగింది. ఒక్కరోజు టికెట్టే 60 ఫ్రాంకులకు పైమాట, అప్పటి లెక్కన నాలుగు వేల రూపాయలు దాటుతుందని చెప్పాము. "మా ఇంటికి రెండు నెలల బియ్యం గదయ్యా! మరి ఆ ఊరి ముచ్చట మాకెందుకు?" అన్నది.

ఆ ప్రశ్న న్యాయమైనదే. ఆ దేశములో కూడా అన్ని కుటుంబాలూ ఈ ఖర్చు భరించలేవు. అందుకే అక్కడి బడులవారు పిల్లలను మంచు శిబిరాలకు తీసుకొని వెళ్ళే ఆచారము ఉన్నది. బడి తప్పనిసరి చేసిన శిబిరానికి తల్లిదండ్రుల దగ్గర తిండి ఖర్చుకు మించి తీసుకొనరాదని 2017లో అక్కడి అత్యున్నత న్యాయస్థానము తీర్పు చెప్పింది. మనము మంచును తెచ్చుకోలేము, తెచ్చుకోనవసరమూ లేదు. "అవ్వా, ఆ తండ్రి వెనుకకు నడిచిన అరగంటకు టికెట్టు లేదు" అని చెప్పాము. అవ్వ తల ఊపింది గాని, ఒప్పుకొన్నదో లేదో మాకు తెలియదు.

ఆ మాట మేము ఊరికే అనలేదు. మన పల్లెలలో తండ్రి గల్ఫులోనో, బెంగుళూరులోనో పనిలో ఉంటాడు, బిడ్డలు అమ్మమ్మ దగ్గరో హాస్టలులోనో పెరుగుతారు. రెండేండ్లకు ఒకసారి నెల రోజులు వచ్చిన తండ్రికి అప్పులవారితో మాటలకు, చుట్టాల పెళ్ళిళ్ళకు ఆ నెల చాలదు. మా సంఘములోనే కువైటు నుండి వచ్చిన ఒక సహోదరుని దగ్గరకు నాలుగేండ్ల కొడుకు రానేలేదు, అమ్మమ్మ చీర చాటున దాగుకొన్నాడు. తెచ్చిన బొమ్మ కారు కూడా ముట్టలేదు. ఆ తండ్రి కండ్లనీళ్ళు పెట్టుకొన్నాడు.

ఆ ఆదివారము అతడు కూడా వెనుక వరుసలో కూర్చుండి విన్నాడు. మాతో ఏమీ అనలేదు. మరునాటి నుండి ప్రతి సాయంకాలము గేదెను చెరువుకు తోలుకొని పోయేటప్పుడు కొడుకును కూడా రమ్మనేవాడు. మొదట పిల్లవాడు పది గజాల వెనుక వచ్చేవాడు. తండ్రి తొందరపెట్టలేదు, మాటిమాటికీ ఆగి వెనుకకు తిరిగి చూచేవాడు. అతడు తిరిగి విమానము ఎక్కుటకు నాలుగు రోజుల ముందు మేము ఆ దారిన పోతూ చూచాము. పిల్లవాడు గేదె వీపు మీద ఉన్నాడు. తండ్రి ప్రక్కన నడుస్తూ, ఒక చేయి వాని వీపు వెనుక, తాకీ తాకకుండా పట్టి ఉంచాడు.