నువ్వు కూర్చో అమ్మా

నాన్న పోయాక ఊళ్ళో ఇంటికి తాళం వేసి అమ్మను హైదరాబాద్ తీసుకొచ్చాం. నాలుగో అంతస్తులో ఫ్లాటు. ఆమెకో గది, మంచం, టీవీ, బాత్రూంలో పట్టుకోవడానికి స్టీలు కడ్డీ, రాత్రంతా వెలిగే చిన్న బల్బు. అన్నీ అమర్చి, నా బాధ్యత తీరిందనుకున్నాను. ఆమె ఏ గిన్నె ముట్టుకున్నా "నువ్వు కూర్చో అమ్మా" అనేవాళ్ళం. ప్రేమతోనే. మూడు నెలలకే మనిషి వాడిపోయింది. అన్నం సగం కంచంలోనే వదిలేసేది. డాక్టరేమో రిపోర్టులన్నీ తిరగేసి "వయసుకి బాగానే ఉన్నారే!" అన్నాడు.

ఒకరోజు పనమ్మాయి రాలేదు. మా ఆవిడ గోరుచిక్కుళ్ళు పేపరు మీద పోసి, ఫోనొస్తే లేచి వెళ్ళింది. నేను వచ్చేసరికి అమ్మ నేలమీద చతికిలబడి ఉంది. రెండు కొసలూ తుంచి, పీచు లాగి, మూడు ముక్కలు. ముదుర్లన్నీ ఓ పక్కకి నెట్టింది.

"ఎవడ్రా తెచ్చాడివి?"

నేనే.

"విరిస్తే టప్పుమనాలి. ఇవి వంగుతున్నాయి. డబ్బులెక్కువై తెచ్చావా?"

మా ఇంటికొచ్చాక అమ్మ నన్ను తిట్టడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

అమెరికాలో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఓ వృద్ధాశ్రమంలో చేసిన ప్రయోగాన్ని 1976లో ప్రచురించారు. ఒక అంతస్తువాళ్ళకు తలా ఓ మొక్క ఇచ్చి, "నీళ్ళు మీరే పోసుకోండి, సినిమా ఏ రోజు చూస్తారో మీరే చెప్పండి" అన్నారు. ఇంకో అంతస్తువాళ్ళకూ మొక్కలిచ్చారు గానీ, నీళ్ళు నర్సులే పోశారు. మూడు వారాలకు హుషారుగా తిరుగుతున్నది మొదటి అంతస్తువాళ్ళే. ఉన్నది వందమంది లోపే కాబట్టి అదే వేదమనను. కానీ మా ఇంట్లో ఆ నర్సుని నేనే అని మాత్రం అర్థమైంది.

డబ్బు విషయంలోనూ అంతే. మా ఊళ్ళో అమ్మ ఈడుదే ఒక పెద్దమ్మ ఉంది. ఆంధ్రాలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను 4,000 రూపాయలు. ఒకటో తారీకున గుమ్మంలోకే తెచ్చిస్తారు. మందులకి తీసిపెట్టుకుని, మనవడి చేతిలో ఓ యాభై నోటు పెడుతుంది. అప్పుడు చూడాలి ఆ ముఖం! కొడుకు ఇచ్చిన డబ్బులైతే అలా పెట్టలేదు, లెక్క చెప్పాలేమోనని జంకుతుంది.

అలాగని పని పేరుతో చాకిరీ అంటగట్టమనడం లేదు. అమెరికా వెళ్ళి ఆర్నెల్లు మనవళ్ళను ఎత్తుకుని, నడుం పట్టుకుని తిరిగొచ్చినవాళ్ళు మా అపార్ట్‌మెంట్లోనే ముగ్గురున్నారు. చెయ్యననే వీలు కూడా వాళ్ళకుండాలి.

ఇప్పుడు మంగళవారం సంతకి అమ్మే వెళ్తుంది. కాయ విరిచి చూడందే కొనదు. బండివాడు విసుక్కుంటాడు, ఆమె ఖాతరు చెయ్యదు. సంచీ మాత్రం నేను మోస్తాను.